విరిగిన నడుము ఎముక ఎందుకు అతుక్కోదు?



ఈ సంచికలో మన ఆరోగ్య పాఠం నడుము గురించి. చేయి విరిగితే ఆరు వారాలు, కాలు విరిగితే మూడు నాలుగు నెలలు పడుతుందని మన ఊళ్ళలో చాలామందికి తెలుసు. నడుము విరిగితే ఎన్నాళ్ళు పడుతుందంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. "నడుము విరిగినవాడు ఇక లేవడు" అని కొందరు, "పది రోజులు పడుకుంటే అదే సర్దుకుంటుంది" అని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ నిజం కావు. నడుము ఎముక విరిగినవారిలో ఎక్కువమందికి సరైన సంరక్షణ దొరికితే అది అతుక్కుంటుంది. కొందరికి మాత్రం ఆలస్యమవుతుంది, మరికొందరికి అసలు అతుక్కోదు. అలా ఎందుకు జరుగుతుందో, ఇంట్లోవారు ఏమి చేయాలో తెలుసుకుందాం.

మన ప్రాంతంలో ఎవరికి ఈ ప్రమాదం?

జనగామ చుట్టుపక్కల తాళ్ళు ఎక్కే గీత కార్మికులు ఎందరో ఉన్నారు. మోకు జారినా తెగినా, వానకు తడిసిన చెట్టు మీద పట్టు తప్పినా అంత ఎత్తు నుంచి నేరుగా పిరుదుల మీదో మడమల మీదో పడతారు. ఆ దెబ్బ కింది నుంచి పైకి వచ్చి నడుము పూసలను నలిపేస్తుంది. మడమ విరిగినవారికి నడుమును కూడా ఎక్స్‌రే తీయాలని మేము పట్టుబట్టేది అందుకే. గీత కార్మికులు పడిపోకుండా కాపాడే "కాటమయ్య రక్షణ కవచం" కిట్లను రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఇవ్వడం ప్రారంభించింది. కిట్టు అందినవారు దాన్ని ఇంట్లో మూలన పెట్టకుండా ప్రతి చెట్టుకూ వాడాలి.

భూపాలపల్లిలో సింగరేణి కాకతీయ గనులు ఉన్నాయి. భూగర్భ గనిలో వంగి పనిచేసేవారి వీపు మీద పైకప్పు బొగ్గు పెళ్ళ పడితే పూసలు నలగడమే కాదు, ఒక్కోసారి పూస పక్కకు జరుగుతుంది.

మహబూబాబాద్ వైపు మిరప తోటల పనికి ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి వెళ్ళే ఆడవారు ఉన్నారు. బండి బోల్తా పడితే నడుముకు పెద్ద దెబ్బ తగులుతుంది. అక్కడే మరో రకం కూడా ఉంది. ముట్లు ఆగిపోయిన పెద్దవయసు తల్లులకు ఎముకలు గుల్లబారి ఉంటాయి. వాకిట్లో జారి కూర్చుండిపోయినా, నీళ్ళ బిందె ఎత్తినా పూస నొక్కుకుపోతుంది. "అంత చిన్న దెబ్బకు ఎముక విరుగుతుందా?" అని ఇంట్లోవారు నమ్మరు. అటువంటివారిని నెలల తరబడి నొప్పి మాత్రలతోనే నెట్టుకొస్తారు.

నడుము నిర్మాణం

మన నడుములో ఐదు పూసలు ఉంటాయి. వాటి కింద త్రికాస్థి, దాని చివర తోకఎముక ఉంటాయి. ఛాతీ పూసలు గట్టిగా కదలకుండా ఉంటాయి, నడుము పూసలు బాగా కదులుతాయి. ఈ రెండూ కలిసేచోట, అంటే చివరి ఛాతీ పూస, మొదటి నడుము పూస దగ్గర ఎక్కువగా విరుగుతుంది. పూసల మధ్య కాలువలో వెన్నుపాము ఉంటుంది. పెద్దవారిలో అది మొదటి, రెండవ నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి గుర్రం తోకలాగా నరాల కట్ట కిందికి దిగుతుంది. కాళ్ళ బలం, మూత్రం, మలం, మర్మస్థానం స్పర్శ అన్నీ ఆ నరాల చేతిలోనే ఉన్నాయి. విరిగిన పూస జరిగితే నొక్కుకునేది ఈ నరాలే.

మామూలుగా ఎలా అతుక్కుంటుంది?

విరిగినచోట మొదట రక్తం గడ్డకడుతుంది. కొన్ని వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తని అతుకు ఏర్పడుతుంది. తర్వాత అందులో సున్నం చేరి గట్టిపడుతుంది. నడుము పూసకు ఇది సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వారాల పని. ఆ తర్వాత కూడా లోపల ఎముక తనను తాను సర్దుకుంటూనే ఉంటుంది, దానికి ఏడాది పైగా పట్టవచ్చు.

పూస లోపలి భాగం స్పంజిలా ఉండి రక్తం బాగా అందుతుంది. అందుకే చాలామందికి అతుకుతుంది. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. నొక్కుకుపోయిన పూస మళ్ళీ పాత ఎత్తుకు పెరగదు. ఏడాది తర్వాత ఎక్స్‌రే తీసినా ముందువైపు అణిగినట్టే కనబడుతుంది. దాన్ని చూసి అతుక్కోలేదని భయపడకూడదు. అతికిందా లేదా అనేది ఆకారాన్ని బట్టి కాదు, నొప్పి తగ్గడాన్ని బట్టి, పూస కదలకుండా నిలబడడాన్ని బట్టి డాక్టరుగారు చెబుతారు.

అతుక్కోకపోవడానికి కారణాలు

*1. విరిగినచోటు కదులుతూ ఉండడం.* నాటు వేసిన మడిలో మొక్కను రోజూ పీకి చూస్తే వేరు పట్టదు. ఎముక కూడా అంతే. నాలుగు వారాలకు నొప్పి కాస్త తగ్గగానే బెల్టు తీసేసి బస్తాలు మోయడం, చెట్టు ఎక్కడం, నాట్లకు వంగడం చేస్తే అప్పుడే కట్టుకుంటున్న మెత్తని అతుకు తెగిపోతుంది. మనవారు సోమరితనం వల్ల పడుకోరు, కూలి లేనిదే ఇల్లు గడవక లేస్తారు. ఆ బాధ మాకు తెలుసు. కానీ పన్నెండు వారాల కూలిని కాపాడబోయి జీవితకాలపు కూలిని పోగొట్టుకోవద్దని మా విన్నపం.

*2. ఎముకను పట్టి ఉంచే కండరాలు, బంధనాలు తెగిపోవడం.* ఎముక ఒక్కటే విరిగితే అతుకుతుంది. వెనకవైపు బంధనాలు కూడా తెగితే అవి తమంతట తాము సరిగా అతకవు. పూస రోజురోజుకూ ముందుకు వంగుతుంది. ఇటువంటివారికి బెల్టు సరిపోదు, ఆపరేషన్ కావాలి.

*3. పూసకు రక్తం ఆగిపోవడం.* చిన్న దెబ్బ తగులుతుంది, కొన్నాళ్ళు నొప్పి ఉండి తగ్గుతుంది. వారాలో నెలలో గడిచాక మళ్ళీ తీవ్రమైన నొప్పి మొదలై వీపు గూనిగా వంగుతుంది. పూస లోపలి ఎముక రక్తం అందక చచ్చి, కుప్పకూలి, లోపల ఖాళీ ఏర్పడడం దీనికి కారణం. దీన్ని 1890లలో వర్ణించిన జర్మన్ శస్త్రవైద్యుడు కుమ్మెల్ పేరుతో పిలుస్తారు. ముసలివారిలో, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారిలో, మద్యం అలవాటు ఉన్నవారిలో ఇది ఎక్కువ.

*4. బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా.* నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అతికేచోటుకు రక్తం అందదు. నడుముకు ఎముక ముక్క పెట్టి అతికించిన ఆపరేషన్లు కూడా పొగతాగేవారిలో ఎక్కువగా విఫలమవుతాయి. కల్లు, సారా, బ్రాందీ కూడా అతుకును ఆలస్యం చేస్తాయి. పైగా మత్తులో మళ్ళీ పడిపోయే ప్రమాదం ఉంది.

*5. ఒంట్లో బలం లేకపోవడం.* రక్తహీనత, మాంసకృత్తుల లోపం, విటమిన్ డి లోపం ఉంటే అతుకు కట్టుకోవడానికి సామానే ఉండదు. ఇటుకలు, సిమెంటు లేకుండా మేస్త్రి ఎంత మంచివాడైనా గోడ కట్టలేడు కదా!

*6. షుగరు, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్.* అదుపులో లేని షుగరు అతుకును మందగింపజేస్తుంది, చీము పట్టే ప్రమాదాన్ని పెంచుతుంది.

*7. ఫ్లోరైడ్.* ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారి ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, గట్టిగా కనిపిస్తాయి. నిజానికి అవి పెళుసైన ఎముకలు. నల్లగొండ జిల్లా పడిన కష్టం మనందరికీ తెలుసు. దాని సరిహద్దున ఉన్న ఊళ్ళలో పెద్దవారు చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో డాక్టరుగారికి చెప్పాలి.

*8. అది మామూలు విరుగుడు కాకపోవడం.* ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. టీబీ క్రిములు పూసను తినేసినా, క్యాన్సరు పూసలోకి పాకినా ఎముక బలహీనపడి చిన్న దెబ్బకే విరుగుతుంది. ఆ జబ్బుకు మందు వేయకుండా ఎన్ని నెలలు బెల్టు కట్టినా అతకదు. వెన్ను టీబీ వల్ల కాళ్ళు పడిపోవడాన్ని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1779లోనే వర్ణించాడు. అప్పట్లో మందు లేదు. ఇప్పుడు ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

స్టెరాయిడ్ సూదులతో జాగ్రత్త

ఊళ్ళో సూది వేయగానే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం నిండుగా కనిపిస్తే "మంచి సూది" అని సంతోషిస్తాం. అది చాలాసార్లు స్టెరాయిడ్ సూది. పదే పదే వాడితే ఎముక గుల్లబారుతుంది, షుగరు పెరుగుతుంది, లోపల టీబీ ఉంటే విజృంభిస్తుంది. పొట్లం కట్టి ఇచ్చే పేరులేని మాత్రలూ అంతే. ఏ మందు వాడినా చీటీ అడిగి తీసుకోండి. ఇప్పటికే చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవారు ఒక్కసారిగా మానకూడదు. డాక్టరుగారి సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

కట్టు వైద్యం గురించి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. చేతికో కాలికో కట్టు కట్టించుకోవడం వేరు, నడుమును తొక్కించడం, లాగించడం, తోమించడం వేరు. విరిగిన పూసను తోమితే నరాలు తెగవచ్చు. నడుము విషయంలో దీనికి మినహాయింపు లేదు.

అతుక్కోవడం లేదని ఎలా తెలుస్తుంది?

మేము మూడు నెలలను హద్దుగా పెట్టుకుంటాం. అప్పటికి నొప్పి చాలావరకు తగ్గి ఉండాలి. తగ్గకపోతే "బద్ధకం", "నటిస్తున్నాడు" అని ఇంట్లోవారు అనకూడదు. ఈ కింది గుర్తులు చూడండి.

- పడుకుంటే హాయిగా ఉండి, లేచి కూర్చోగానే లేదా పక్కకు తిరగగానే పొడిచినట్టు నొప్పి రావడం.
- తగ్గిన నొప్పి మళ్ళీ పెరగడం, వీపు కొత్తగా గూనిగా వంగడం, ఎత్తు తగ్గడం.
- సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం. ఇవి టీబీకి గుర్తులు కావచ్చు.
- పడుకున్నా తగ్గని, రాత్రి నిద్ర లేపే నొప్పి.
- కాళ్ళు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం.

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, మర్మస్థానం చుట్టూ మొద్దుబారినా, కాళ్ళ బలం తగ్గుతున్నా అది అత్యవసరం. తెల్లవారనిద్దాం అనుకోవద్దు. ఆ రోజే, ఆ గంటలోనే బయలుదేరండి. నరాలు నొక్కుకుపోయిన సమయం పెరిగేకొద్దీ తిరిగి కోలుకునే అవకాశం తగ్గుతుంది.

పరీక్షలు, వైద్యం

పడుకోబెట్టి ఒక ఎక్స్‌రే, వీలైతే నిలబెట్టి ఒకటి తీస్తారు. రెండింటిలో పూస ఎత్తు మారితే లోపల కదులుతున్నట్టే. ఎముకను వివరంగా చూడడానికి సీటీ స్కాన్, నరాలు, బంధనాలు, చీము, రక్తం అందని భాగం చూడడానికి ఎమ్మారై అవసరమవుతాయి. రక్తంలో హిమోగ్లోబిన్, షుగరు, ఈఎస్ఆర్, కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ చూస్తారు. అనుమానం ఉంటే పూస నుంచి చిన్న ముక్క తీసి టీబీకి, క్యాన్సరుకు పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని భయపడి వెనక్కి వెళ్ళిపోవద్దు. జబ్బు పేరు తెలియనిదే సరైన మందు వేయలేరు.

కారణాన్ని బట్టే వైద్యం. కదలడమే కారణమైతే సరైన బెల్టు, మరికొన్ని వారాల విశ్రాంతి. ఎముక గుల్లబారితే కాల్షియం, విటమిన్ డితోపాటు ఎముకను గట్టిపరిచే మందులు ఇస్తారు. వాటిలో ఏడాదికి ఒకసారి ఎక్కించే సూది కూడా ఉంది. పూస లోపల ఖాళీ ఏర్పడి నొప్పి తగ్గనివారికి సూది ద్వారా ఎముక సిమెంటు నింపుతారు. పూస నిలబడకపోయినా, నరాలు నొక్కుకుపోయినా స్క్రూలు, రాడ్లు వేసి, తుంటి ఎముక నుంచి తీసిన ముక్కలు పెట్టి అతికిస్తారు. వెన్ను టీబీకి మందులు సాధారణంగా ఏడాదిపాటు, కొందరికి ఇంకా ఎక్కువకాలం వాడాలి. మధ్యలో బాగుందని మానేస్తే మందులకు లొంగని టీబీ వస్తుంది. టీబీ రోగుల పోషణకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. మందులు మొదలుపెట్టినప్పుడే బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి.

ఖర్చుకు భయపడి ఇంట్లో ఉండిపోవద్దు. ఆరోగ్యశ్రీ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పెద్ద ఆపరేషన్ అవసరమైతే వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాద్ నిమ్స్‌కో పంపుతారు. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ తీసుకువెళ్ళండి. మొదటి ఎక్స్‌రేతో పోల్చి చూస్తేనే అతుకుతుందో లేదో తెలుస్తుంది.

మొదటి గంటలో చేయవలసినది

పడిపోయినవారిని ఇద్దరు చేతులు, కాళ్ళు పట్టి ఊయలలాగా ఎత్తడం, ఆటోలో కూర్చోబెట్టడం చాలా ప్రమాదం. నడుము మడతపడి, అప్పటిదాకా బాగున్న నరాలు ఆ ప్రయాణంలో తెగుతాయి. 108కి ఫోన్ చేయండి. వచ్చేదాకా కదిలించకండి, నీళ్ళు తాగించడానికి లేపి కూర్చోబెట్టకండి. తప్పనిసరిగా కదిలించాల్సి వస్తే తలుపు చెక్కో, వెడల్పు బల్లో తెచ్చి, నలుగురైదుగురు కలిసి తల, భుజాలు, నడుము, కాళ్ళు ఒకే వరుసలో ఉండేలా దొర్లించి బల్ల మీదికి చేర్చండి. తల దగ్గర ఉన్నవారు లెక్క చెప్పాలి, అందరూ ఒకేసారి కదలాలి.

ఇంట్లో సంరక్షణ

*పడక:* కుంగిపోయిన నులక మంచం వద్దు. చెక్క మంచం మీద దూది పరుపు మంచిది.

*తిప్పడం:* కాళ్ళు చచ్చుబడినవారిని రాత్రి పగలు ప్రతి రెండు గంటలకు ఒకసారి మొద్దును దొర్లించినట్టు, నడుము మెలిపడకుండా తిప్పాలి. తిరగగలిగినవారు కూడా మోకాళ్ళు మడిచి భుజాలు, తుంటి కలిసి ఒకేసారి తిరగాలి. లేవాలంటే ముందు పక్కకు తిరిగి, చేతుల మీద బరువు వేసి లేవాలి.

*చర్మం:* త్రికాస్థి, తుంటి, మడమలు రోజుకు రెండుసార్లు చూడండి. ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పడక పుండు మొదలైనట్టే. ఆ చోటుమీద బరువు పడకుండా చూడండి, రుద్దకండి. దుప్పటి ముడతలు లేకుండా, పొడిగా ఉండాలి. పుండు పడితే చీముతోపాటు మాంసకృత్తులు కారిపోతాయి, అతుకు ఇంకా ఆలస్యమవుతుంది.

*బెల్టు:* బనీను మీద కట్టండి. కూర్చునేటప్పుడు, నిలబడేటప్పుడు, నడిచేటప్పుడు ఉండాలి. మందుల షాపులో కొన్న సన్నని నడుము బెల్టు అన్నిరకాల విరుగుళ్ళకూ సరిపోదు. డాక్టరుగారు రాసిన రకమే కొనండి. ఎప్పుడు తీయాలో కూడా వారే చెప్పాలి.

*మరుగుదొడ్డి:* గొంతుక్కూర్చోవద్దు. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం చేసి మరుగుదొడ్డి మీద పెట్టుకోవచ్చు. మలబద్ధకం ఉంటే ముక్కడం వల్ల నొప్పి పెరుగుతుంది. నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా ఇవ్వండి.

*కదలిక:* విశ్రాంతి అంటే కట్టెలాగా పడి ఉండడం కాదు. పడుకునే పాదాలు ఆడించడం, గట్టిగా ఊపిరి పీల్చి వదలడం రోజుకు చాలాసార్లు చేయాలి. లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, ఎముక మరింత పలచబడుతుంది. డాక్టరుగారు చెప్పిన రోజున బెల్టుతో లేచి నడవాలి.

*ఆహారం:* 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు ఉంటాయి. పప్పు, చేపలు, కోడిమాంసం కూడా వాడండి. కాల్షియం కోసం వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వులు, మునగాకు, ముల్లుతో నమిలే చిన్న చేపలు మంచివి. "పుండుకు గుడ్డు చెడ్డది, పప్పుతో చీము పడుతుంది" అనే పథ్యాలు ఎముకకు శత్రువులు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరుగారిని అడగాలి. మధ్యాహ్నానికి కాస్త ముందు వెనకా అరగంట ఎండ తగలనివ్వండి. విటమిన్ డి పెద్ద మోతాదు మాత్రలు చెప్పినన్ని వారాలే వాడాలి, సొంతంగా పొడిగిస్తే విషమవుతుంది.

అన్నీ చేసినా లేవలేకపోతే?

కొందరికి ఎముక అతుకుతుంది కానీ నరాలు తిరిగి రావు. అక్కడితో బతుకు ఆగిపోదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చింది. 1966లో వేలూరులో తనవంటివారి కోసం పునరావాస కేంద్రం ప్రారంభమైంది. మన ఊళ్ళో మంచాన ఉన్న మనిషికి కూడా చక్రాల కుర్చీ, గుమ్మం దగ్గర మెట్టుకు బదులు వాలు, కూర్చుని చేసుకునే పని, వైకల్య ధ్రువపత్రం కావాలి. జాలికన్నా ఇవే ఎక్కువ మేలు చేస్తాయి.

గుర్తుంచుకోండి

1. పడినవారిని బల్ల మీదే తరలించాలి.
2. పన్నెండు వారాలు బరువు, వంగడం, పొగ వద్దు.
3. మూడు నెలలకు నొప్పి తగ్గకపోతే కారణం వెతకాలి, ముఖ్యంగా టీబీ.
4. కాళ్ళ బలం, మూత్రం తేడా వస్తే ఆ గంటలోనే ఆసుపత్రి.
5. స్టెరాయిడ్ సూదులు, తోమించడం వద్దు.

మీ సంఘంలో, మహిళా బృందంలో చర్చించండి

- మీ ఊళ్ళో నడుము విరిగి మంచాన ఉన్నవారు ఎందరు? వారిలో కఫం, టీబీ పరీక్షలు చేయించుకున్నవారు ఎవరు?
- మీ ఊళ్ళో ప్రమాదం జరిగితే వెంటనే దొరికే వెడల్పు బల్ల ఎక్కడుంది?
- ఒక గీత కార్మికుడో, కూలి తల్లో పన్నెండు వారాలు పనికి వెళ్ళలేకపోతే ఆ ఇంటి పొయ్యి వెలగడానికి మీరంతా కలిసి ఏమి చేయగలరు?

ఈ మూడో ప్రశ్నకు ఆసుపత్రిలో మందు లేదు. దాని జవాబు ఇరుగుపొరుగు చేతుల్లో ఉంది. మేము వార్డులో ఎంత జాగ్రత్తగా చూసినా, ఇంటికి వెళ్ళాక ఆ పన్నెండు వారాలు కాపాడవలసింది మీరే.